అందరం మేనేజర్లమే

మార్చి 4, మధ్యాహ్నం

తలకి రెండుసార్లు పోసుకున్నాను. వాసన పోలేదు. నిజానికి అది నా వాసన కాదు. ఫ్రయర్ ముందు నిలబడే రోజులు నాకు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు నేను చికెన్ షాపులో షిఫ్ట్ లీడర్ని. ఈ వాసన మా ఆడపడుచుది. అదీ మా షాపులోనే ఫ్రయర్ మీద పని చేస్తుంది. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. మొగుడితో వేగలేక కూతుర్ని చంకనేసుకుని మా రెండు గదుల ఇంట్లోకి వచ్చి చేరింది. అప్పటి నుంచి తలగడలకీ, దుప్పట్లకీ, మంచినీళ్ళ గ్లాసుకీ కాగిన నూనె కంపే. ఇంటికి ఎవరైనా వస్తే గుమ్మంలోనే ముక్కు ఎగబీలుస్తారు. నాకు రోతగా ఉంటుంది.

ఇవాళ టీవీలో మా గురించే చర్చ. ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో పని చేసేవాళ్ళకి కనీస వేతనం పెంచాలా, వద్దా? పెంచితే బర్గర్ ధర ఆకాశాన్నంటుతుందని టై కట్టుకున్నాయన అన్నాడు. పెంచకపోతే వాళ్ళెలా బతుకుతారని కళ్ళజోడావిడ అంది. ఇద్దరి చేతులూ చూశాను. ఒక్క నూనె మచ్చ లేదు. గొంతులు బాగా లేచిన సమయానికి యాంకర్ ఆపి చికెన్ యాడ్ వేశాడు. మా ఆయన ఇద్దరూ చెప్పింది రైటే అన్నాడు. ఎప్పుడూ గోడ మీద పిల్లే.

ఆడపడుచు మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూసింది. పెరిగితే చిన్న గది తీసుకుని వెళ్ళిపోతా వదినా, మీకూ ఈ ఇరుకు తప్పుతుంది అంది. నేను ఎగిరి గంతేయాలి. వేయలేదు. పెంచుతామంటున్నది నా జీతానికి కాస్త పైనే. అంటే నేనూ, అదీ, నేల తుడిచే మాప్ తాతా, అందరం ఒకే చోట తేలుతాం. మరి ఇన్నేళ్ళు నేను మెట్లెక్కింది దేనికి?

మార్చి 7

ఫ్యామిలీ సార్ మీటింగ్ పెట్టాడు. ఓనర్‌కి ఆ పేరు మేం పెట్టుకున్నదే. నోరు తెరిస్తే మనమంతా ఒకే ఫ్యామిలీ అంటాడు. ఆ ఫ్యామిలీలో మిగిలిన చికెన్ ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకూడదు. షాపు మూసే ముందు దాన్ని డబ్బాలో కుమ్మరించి పైన ఫినాయిల్ కొట్టాలి. కొట్టాల్సింది షిఫ్ట్ లీడర్, అంటే నేను. వేడి ముక్కల మీద ఫినాయిల్ పడినప్పుడు లేచే ఆవిరి పగవాడికి కూడా వద్దు. మళ్ళీ అవే చేతులతో ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటాను.

పెంపు వస్తే షాపు తట్టుకోలేదనీ, మిషన్లు పెట్టి సగం మందిని పంపేయాల్సి వస్తుందనీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నిలబడింది ఉల్లిపాయలు తరిగే బల్ల పక్కన మరి.

తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. ప్రభుత్వం వాళ్ళు బహిరంగ విచారణ పెడుతున్నారట. అక్కడ ఆయన మాట్లాడితే ఓనర్ ఏడుపు అంటారట, పెంపు వద్దని నేను మాట్లాడితే వింటారట. మాప్‌తో మొదలుపెట్టి లీడర్‌వయ్యావు, నిన్ను మేనేజర్ని చేద్దామని ఎప్పటి నుంచో అనుకుంటున్నానమ్మా అన్నాడు. కళ్ళు తుడుచుకున్న టిష్యూ నా చేతిలో పెట్టాడు, పడేయమని.

మార్చి 8

ఒప్పుకున్నాను.

మార్చి 12

సంగతి మాప్ తాత నోట ఆడపడుచుకి తెలిసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కూతురికి జడ వేస్తూ, నాకు పెరిగితే నీకేం తరుగుతుంది వదినా అని అడిగింది. మెల్లగా అడిగింది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, నిన్న గాక మొన్న చేరి నాతో సమానం కావాలా అన్నాను. తలదాచుకోడానికి చోటిచ్చిన మాట కూడా ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

మా ఆయనకి అప్పుడే బజారులో పని గుర్తొచ్చింది. మా అత్తగారు కూతురి వైపు చూడలేక, కోడలి వైపు చూడలేక, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అని గోడకి చెప్పింది.

మార్చి 15

విచారణ పెద్ద హాల్లో. స్టేజి మీద అధికారులు. ఒక్కొక్కరి ముందూ మా షాపు చికెన్ డబ్బా. ఫ్యామిలీ సార్ పంపించాడు. వేరే షాపులో పని చేసే ఒకావిడ, చేతి మీద నూనె పడి చర్మం ఎలా ఊడిందో చెబుతోంది. మధ్యలో కూర్చున్న అధికారి తల ఊపుతూ కాలి ముక్క బొమిక చీకుతున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే నాకి, తర్వాత ఎవరమ్మా అన్నాడు. తర్వాత నేనే.

సార్ రాసిచ్చిన కాగితం చూడలేదు. నా సొంత మాటలే మాట్లాడాను. జీతం ఎవరైనా ఇస్తారండీ, గౌరవం మాత్రం ఒక్కో మెట్టూ ఎక్కి సంపాదించుకోవాలి, అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎక్కినవాళ్ళకి విలువేముంది, డబ్బు కన్నా గౌరవం పెద్దది అన్నాను. టైలు కట్టుకున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. నా కోసం ఎవరూ అలా లేవలేదు ఇంతవరకు. అబద్ధం ఎందుకు, కడుపు నిండింది.

అంతలో వెనక నుంచి ఆడపడుచు లేచింది. వస్తున్నట్టు ఇంట్లో చెప్పలేదు. షాపు చొక్కాలోనే, పిండి మరకలతోనే వచ్చింది. ఆ గౌరవం మా వదిననే ఉంచుకోమనండి, నాకు అద్దె కట్టుకునే జీతం చాలు అని కూర్చుంది. హాలంతా నవ్వారు. నవ్వింది దాన్ని చూసో నన్ను చూసో తెలియలేదు.

సార్ నాకూ ఓ డబ్బా ఇచ్చాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెరిచి చూశాను. చల్లారిన కొవ్వు అట్టకి తెల్లగా పేరుకుని ఉంది. వాంతి వచ్చినంత పనైంది. దిగాక చెత్తలో పడేశాను.

మార్చి 16

ఇంట్లో మాటల్లేవు. గిన్నెల చప్పుడే.

ఏప్రిల్ 2, సాయంత్రం

పెంపు వచ్చేసింది! నేను అన్ని మాటలు మాట్లాడినా వచ్చేసింది. ఈ నెల నుంచే అమలు. టీవీలో టై ఆయన దేశం మునిగిందన్నాడు. కళ్ళజోడావిడ నవ్వింది. మేనేజర్ స్థాయి వాళ్ళకి మాత్రం ఇది వర్తించదని కింద స్క్రోలింగులో ఓ ముక్క వెళ్ళింది. నేను చదివాను. చదివి మర్చిపోయాను.

ఆడపడుచు గది చూసొచ్చింది. వంటగట్టు మీద కిటికీ ఉందట, నూనె వాసన బయటికి పోతుందట. వాళ్ళమ్మతో చెబుతున్నా, ఆ మాట నాకు తగలాలనే అంది. ఇంటావిడకి మాట కూడా ఇచ్చేసింది.

వింతేమిటంటే ఫ్యామిలీ సార్‌కి కోపమే రాలేదు. నన్ను పిలిచి చొక్కాకి బ్యాడ్జి పెట్టాడు. ఎర్ర అక్షరాల్లో మేనేజర్. జీతం సంగతి అడిగితే అది నెమ్మదిగా చూద్దాంలే అమ్మా అన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. మా అత్తగారు బ్యాడ్జిని చెంగుతో తుడిచి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆడపడుచు కూడా, బాగుంది వదినా అంది. ఇన్నాళ్ళకి నాతో మొదటి మాట.

ఏప్రిల్ 5

ఛీ.

పొద్దున వెళ్ళేసరికి బల్ల మీద బ్యాడ్జీల కుప్ప. ఫ్రయర్ వాళ్ళు ప్రొడక్షన్ మేనేజర్లు. కౌంటర్ అమ్మాయి కస్టమర్ రిలేషన్స్ మేనేజర్. మాప్ తాత ఫ్లోర్ హైజీన్ మేనేజర్. నేను ఎవరి మీద మేనేజర్ని బాబూ అని తాత అడిగాడు. నేల మీద అన్నాడు సార్, నవ్వకుండానే. తాత కాసేపు నేల వైపు చూసి బకెట్ తెచ్చుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ స్క్రోలింగు. మేనేజర్లకి పెంపు లేదు. అందరం మేనేజర్లమే. కాబట్టి ఎవరికీ లేదు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు అంటారు, ఇక్కడ ఎక్కినవాళ్ళే మొయ్యాలి. నాకు ముందుగా ఇచ్చింది ప్రమోషన్ కాదు, శాంపిల్.

అసలు రోత అది కాదు. సార్ అందర్నీ నిలబెట్టి ఏమన్నాడంటే, ఈ ఆలోచన తనది కాదట, నాదట. డబ్బు కన్నా గౌరవం పెద్దదని హాల్లో అందరి ముందూ మన లీడరమ్మే చెప్పింది, అది నా గుండెకి తగిలింది, అందుకే ఫ్యామిలీలో ప్రతి ఒక్కరికీ గౌరవం పంచుతున్నా అన్నాడు. చప్పట్లు కొట్టమన్నాడు. వాళ్ళు నా వైపు చూస్తూ కొట్టారు. కౌంటర్ అమ్మాయి రెండు వేళ్ళతో కొట్టింది. నేల చీలితే బాగుండుననిపించింది. కానీ నేలకి మేనేజర్ ఉన్నాడు.

ఏప్రిల్ 6

ఆడపడుచు బ్యాడ్జి తీసుకోలేదు. బల్ల మీద అలాగే వదిలేసింది.

మధ్యాహ్నం ఎవరో కస్టమర్ చికెన్‌లో వెంట్రుక వచ్చిందని, మేనేజర్ని పిలవండి అని కేకలేశాడు. షాపంతా ఒకేసారి తల తిప్పింది. ఆయన మమ్మల్ని, మా బ్యాడ్జీల్ని చూసి, ఏం తోచక వెంట్రుక పక్కన పెట్టి తినేసి పోయాడు.

ఏప్రిల్ 9

పన్నెండో తారీఖున లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడట. సార్ నన్ను లోపలికి పిలిచాడు. ఆలోపు మీ ఆడపడుచు బ్యాడ్జి పెట్టుకోవాలి, లేదంటే ఆ రోజు షిఫ్టులో వేయకు, ఆ తర్వాత అసలే వేయకు అన్నాడు. మీ ఇంటి మనిషి కదా, ఇంట్లో మాట ఇంట్లోనే చూసుకో అన్నాడు. దాని ఉద్యోగం ఊడితే నా చేత్తోనే ఊడాలి. ఆయన చేతికి మరక అంటదు.

ఇంటికొచ్చి చెప్పాను. పేరు గొప్ప ఊరు దిబ్బ, నాకొద్దు వదినా అంది. ఉద్యోగం పోతుందే, గదీ పోతుంది, పిల్ల మొహం చూసి పెట్టుకో అన్నాను. పిల్ల అప్పటికే తన చెప్పులూ, పలకా సంచిలో సర్దేసుకుని రోజూ ఎప్పుడు వెళ్తాం అని అడుగుతోంది. ఆడపడుచు ఆ సంచి వైపు చూసింది. పెట్టుకుంటే మాత్రం గది వస్తుందా అంది. పాత జీతమేగా. తర్వాత నా కళ్ళలోకి చూసి, నువ్వు చెప్పు, ఇదేనా నువ్వు హాల్లో చెప్పిన గౌరవం అని అడిగింది.

షాపు చూస్తే రోత, సార్‌ని చూస్తే రోత. బ్యాడ్జి తీస్తూ అద్దంలో చూసుకుంటే అన్నిటికన్నా ఎక్కువ రోత.

ఏప్రిల్ 11

రేపటి షిఫ్టు వేశాను. ఫ్రయర్ మీద దాని పేరే వేశాను.

ఏప్రిల్ 12, సాయంత్రం

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వచ్చీ రాగానే చికెన్ డబ్బా ముందు కూర్చోబెట్టారు. తింటూనే, నూనె వేళ్ళతోనే కాగితాలు తిరగేశాడు. ఫ్రయర్ ముందు ఆడపడుచుని చూసి సార్ నా వైపు గుడ్లురిమాడు.

ఇందులో వర్కర్లెవరు అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆడపడుచు చెయ్యెత్తింది. మోచేతి దాకా పిండి. సార్ నవ్వేసి, కొత్త పిల్ల సార్, తెలియక ఎత్తింది, కావాలంటే దాని మేనేజర్ని అడగండి, సొంత వదినే అన్నాడు.

అందరూ నన్ను చూశారు. బ్యాడ్జి లాగేశాను. పిన్ను ఊడక చొక్కా చిరిగింది. ఇక్కడ మేనేజర్ ఒక్కడే సార్, మీ పక్కన నిలబడ్డాయన, మిగతావాళ్ళం వేపుతాం, తుడుస్తాం, మిగిలిన దాని మీద ఫినాయిల్ కొడతాం అన్నాను. ఇన్‌స్పెక్టర్ నమలడం ఆపాడు. ఫినాయిలా అన్నాడు. అవును సార్, తినేదాని మీదే అన్నాను. డబ్బా కాస్త దూరం జరిపాడు.

మాప్ తాత చెయ్యెత్తలేదు, మాప్ ఎత్తాడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కౌంటర్ అమ్మాయి నేల చూసింది. దాన్ని ఏమీ అనను. మొన్నటి దాకా నేను చేసిందీ అదే.

మా ముగ్గురినీ వర్కర్లుగా రాసుకున్నాడు. కాగితం నిండా నూనె వేలిముద్రలు.

ఏప్రిల్ 13

ఫ్యామిలీకి వెన్నుపోటు పొడిచానట. ఇన్‌స్పెక్టర్ రాసుకుని పోయాడు కాబట్టి వెంటనే తీసేయడానికి లేదు. అందుకని నా పరువు తీయాలని సార్ అందరి ముందూ ఫ్రయర్ మీదకి దింపాడు. ఇక్కడి నుంచే పైకెక్కావు, ఇక్కడే పడి ఉండు అన్నాడు.

ఆడపడుచు పక్కన నిలబడి పిండి కలుపుతూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఏమే అన్నాను. బ్యాడ్జి లేని ఫ్రయర్ వాళ్ళు వర్కర్లు, వర్కర్లకి కొత్త జీతం, మేనేజర్‌కి పాతదే, ఆయన నిన్ను దింపి జీతం పెంచాడు వదినా అంది. పిండి ముక్కులోకి పోయి తుమ్మింది. నాకూ నవ్వొచ్చింది. మిగతావాళ్ళు బ్యాడ్జీలు పెట్టుకుని మా వైపే చూస్తున్నారు. నవ్వు ఆపేశాం.

మే 4

కొత్త జీతం అందగానే ఆడపడుచు సామాను గదిలో దింపి వచ్చాం. కిటికీ నిజంగానే ఉంది. వెళ్ళేటప్పుడు బండిలో పిల్ల నా ఒళ్ళో కూర్చుంది. నా మెడ దగ్గర వాసన చూసి, అత్తా, నువ్వూ అమ్మలాగే కంపు కొడుతున్నావ్ అంది. ఛీ, దిగు అన్నాను. దిగలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.