మంగ అత్త లేబుళ్లు

గురువారం, బందరు

ఇంకు నింపించిన కార్ట్‌రిడ్జ్ పెట్టగానే ప్రింటర్ ఇది కంపెనీది కాదంటూ మొరాయించింది. ఓకే నొక్కితే నోరు మూసుకుంది. పక్కింటి మంగ అత్త అమ్మే ఎండు రొయ్యల ప్యాకెట్లకు లేబుళ్లు మాత్రం ముచ్చటగా వచ్చాయి. నా మొదటి ఆర్డర్. ఇది నిలబడితే, బెజవాడలో ఉద్యోగం వెతుక్కోమనే అమ్మను కొన్నాళ్లు ఆపొచ్చు.

సాయంత్రం వాటిని గిలకలదిండి చేపల రేవుకు తీసుకెళ్లాను. ఐసులో చేపలు సర్దుతున్న అత్త ఆ తడి చేతులతోనే లేబుల్ అందుకుంది. పేరంతా నీలంగా కారి వేళ్లకు అంటుకుంది.

"నా పేరు చెరిపేశావేంటే పిల్లా," అని నవ్వింది. "రేవులో పొడి చేతులు ఎవరికుంటాయి? రేపు ఇంకోటి పట్రా."

పొడి బల్ల మీద చూసుకుని మురిసిపోయాను గానీ, అక్కడి చేతులు నాకు గుర్తే రాలేదు.

ఇంటికొచ్చి ఇంకో లేబుల్ మీద వెడల్పు టేపు అంటించి గ్లాసు నీళ్లలో వేశాను. అన్నం తిని వచ్చి చూస్తే పేరు చెక్కుచెదరలేదు. ఒక అంచున మాత్రం కాస్త నీలం దిగింది. టేపు కాగితం దాటి రావాలన్నమాట. అన్నిటికీ చేత్తో అంటించడమంటే... సరే, అది తర్వాత.

రేపు లేబుల్ ఇచ్చేటప్పుడు, చేతులు తుడుచుకోవద్దని అత్తకు నేనే చెప్తాను.