కొట్ల ముందు తగవు తీరింది

ఏమండీ,

కొట్ల ముందు కూరగాయలమ్మే జులూ ఆడవాళ్లకీ, ఈ దక్షిణాఫ్రికాలో మన మార్‌బర్గ్ ఊరి ఇండియన్ కొట్లవాళ్లకీ ఇవాళ రాజీ కుదిరింది. కోర్టులొద్దు, కూర్చుని మాట్లాడుకుందాం రమ్మని ఎన్నికల ముందు మీరు ఇంటింటికీ తిరిగిన తగవే. అలా తిరిగొస్తుంటేనే మిమ్మల్ని ఎవరో కాల్చేశారు.

ఈసారి నేను పిలిస్తే అందరూ వచ్చారు. కూరగాయలమ్మే ముసలామె థెంబి లేచి, "ఆయన్ని చంపిందెవరో తెలీదు. ఆయన పిలిస్తే రానివాళ్లం మాత్రం మనమే" అంది. మన కొట్లవాళ్లు తలలొంచుకున్నారు. ఆ తర్వాత ఎవరూ గొంతు పెంచలేదు. గుమ్మాలకి దారి వదిలి, ఆడవాళ్లు గోడవారన అమ్ముకోవచ్చని కొట్లవాళ్లు ఒప్పుకున్నారు.

చేతులు కలుపుకుని అందరూ వెళ్లిపోయారు. నేనే లేవలేకపోయాను. ఒక్కపూటలో తేలిపోయే పనండీ ఇది. మీరు పిలిచినప్పుడే వీళ్లు వచ్చుంటే, ఆరోజు మీరు అన్నానికి ఇంటికొచ్చేవారు.