గాలి కన్నంలో మేజోడు

ఐవిన్,

పొయ్యిలో బూడిద ఎత్తేశాను. షెడ్డులో ఎండిన కట్టెలే వెయ్యి. పచ్చివి వేస్తే పొగగొట్టమంతా మసి పడుతుంది. నేను బర్గెన్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నాను, ఆదివారం వస్తాను.

పడకగది గోడకున్న గాలి కన్నంలో నువ్వు కుక్కిన ఉన్ని మేజోడు పీకేశాను. వేడి పోతుందని మళ్ళీ ఏదన్నా కుక్కావో, ఆ గది కిటికీ చలికాలమంతా బార్లా తెరిచే ఉంచుతాను. నిరుడు గాలాడక బీరువా వెనక గోడంతా చెమ్మెక్కి బూజు పట్టింది. ఈస్టర్ దాకా దగ్గింది నేను, నువ్వు కాదు. నీకు చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకుంటావు. నాకు ఊపిరాడకపోతే ఏం కప్పుకోను?

ఓస్‌హిల్

మేజోడు కోసం వెతక్కు, పొయ్యిలో వేసేశాను. కొత్త జత అల్లుతున్నాను. ఈసారి కాళ్ళకి తొడుక్కో.