రెండో రోజు రక్తపరీక్ష

అత్తమ్మా,

వంటింట్లోకి రాకూడదుగా, అందుకే తలుపు కింద నుంచి ఈ చీటీ తోస్తున్నాను. దీన్ని ముట్టుకోవచ్చో లేదో మామయ్య పంచాంగం చూసి చెబుతారు.

హార్మోన్ల పరీక్షకు నెలసరి రెండో రోజే రక్తం ఇవ్వాలని ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. పోయిన నెల మీరేమో, "ఇప్పుడు యాడికీ పోవద్దు, మూడు దినాలైనాక నీళ్లు పోసుకొని పోదువులే" అన్నారు. అలాగే వెళితే ఆమె తిట్టి పంపింది. అండాలు తగ్గిపోతున్నాయట, ఇంకో నెల పోగొట్టుకోవద్దంది.

మనవరాలి కోసం మొక్కుకున్నది మీరే. ఆ పిల్ల కోసం చేసే వైద్యం, మీరు నన్ను దూరంగా కూర్చోబెట్టే రోజుల్లోనే మొదలవుతుంది.

రేపే రెండో రోజు. సూదంటే నాకు భయం, మీ అబ్బాయికి నాకంటే ఎక్కువ భయం. మీరే వచ్చి నా చెయ్యి పట్టుకోండి. తిరిగొచ్చాక ఇద్దరం ఈ గదిలోనే కూర్చుందాం. వంట మామయ్య చేస్తారు.

మీ కోడలు