నీ కోడలు ఎందుకు రాయలేదంటే

అమ్మకు నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వూ అక్కయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మోకాలికి మందు మానకు. కాస్త తగ్గగానే సీసా అటకెక్కించేస్తావని నాకు తెలుసు. నా ఒంటి సంగతి అడిగావు. ఒళ్ళు బానే ఉంది, కళ్ళే మొరాయించాయి. డిపోలో పరీక్ష పెడితే, కళ్ళజోడుతో కూడా కింది రెండు వరుసలు చదవలేకపోయాను. పందొమ్మిదేళ్ళు బస్సు నడిపినవాణ్ణి దించేసి, బస్సులు కడిగే పనిలో వేశారు.

ఇది ఇంట్లో చెప్పలేదు. రోజూ డ్రైవరు బట్టల్లోనే బయల్దేరి, షెడ్డులో మార్చుకునేవాణ్ణి. మూడు వారాలు అలా నెట్టుకొచ్చాను. నడిపినన్నాళ్ళూ బస్సుకి ఇంత మురికి పడుతుందని తెలీదు సుమా!

ఒకరోజు కళ్ళజోడు మర్చిపోతే, ఇవ్వడానికి నీ కోడలు డిపోకొచ్చింది. సరిగ్గా అప్పుడే, నా దగ్గర పని నేర్చుకున్న డ్రైవరొకడు, "ఏయ్ పెద్దాయనా, అద్దం మళ్ళీ తుడువు, కళ్ళు కనపడవా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి చూస్తే గేటు దగ్గర తను.

సాయంత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నీళ్ళలో నాని చీలిన నా వేళ్ళకి మందు రాస్తూ, "పనేగా చేస్తున్నారు. ఇందులో సిగ్గుపడేదేముంది?" అంది.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు కలం ముట్టలేదమ్మా.

కొట్టాను. తిట్టి ఉంటే కొట్టేవాణ్ణి కాదేమో. తను మందు రాస్తున్న చేత్తోనే కొట్టాను. తల గుమ్మానికి తగిలి నెత్తురొచ్చింది. "నన్ను చూసి జాలిపడతావా?" అని అరిచాను. ఆ గొంతు నాన్నది. ఇంకోటి కూడా రాయాలి. ఆ ఒక్క క్షణం, డిపోలో పోయిన పరువు తిరిగొచ్చినట్టే అనిపించింది. తర్వాత, గోడకి అతుక్కుపోయిన నీ మనవరాలు కనపడింది.

పక్కింటావిడ అడిగితే తను, "గుమ్మం తగిలిందండీ" అంది. అచ్చం నీ మాట. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నాను! తనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరు నేర్పారమ్మా?

మర్నాడే పిల్లని తీసుకుని వాళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు బస్సు అద్దం కడుగుతుంటే, నురగ జారిన చోటల్లా నాన్న ముఖం. ఎంత రుద్దినా పోదు.

మొన్న అక్కడికి వెళ్ళాను. బావ తలుపు తీసి, "తను రాదు" అన్నాడు.

"పిలవడానికి రాలేదు బావా. గుమ్మం తప్పేం లేదు. నేనే కొట్టాను. అది మీకు చెబుదామని వచ్చాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ బయటికి రాలేదు. మళ్ళీ చప్పుడు మొదలయ్యేదాకా నిలబడి వచ్చేశాను.

నువ్వెళ్ళి, మగాడన్నాక కోపం రాదా, సర్దుకుపో అని నచ్చచెబుదామనుకుంటావు. నా తరఫున వెళ్ళకు. వెళ్ళాలనే అనిపిస్తే, తన పక్కన కూచుని, నాన్న నీకేం చేశాడో చెప్పు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది, మొత్తం చెప్పు.

ఇట్లు,
నీ కొడుకు