ఎవరి ఎడమ

తేగు, మార్చి

ప్రియమైన తమ్ముడు ఇన్బేకి,

మీ వదిన సున్‌రెకి మాట పోయి ఏడాది దాటింది. ఇప్పుడు వేలు కూడా కదలడం లేదు. మిగిలినవి కళ్ళే. అవీ వెంట్రుకవాసి కదులుతాయి, మన కంటికి ఆనవు. అందుకని రిటైరైనవాణ్ణి మళ్ళీ కూర్చుని ప్రోగ్రామ్ రాశాను. ఆసుపత్రి మంచానికి ఎదురుగా కెమెరా పెట్టాను. నేను ప్రశ్న అడుగుతాను. ఆమె ఎడమకు చూస్తే అవును, కుడికి చూస్తే కాదు. ఆసుపత్రిలో చప్పుడు కాకూడదని కంప్యూటర్ ఆ జవాబును నా ఇయర్‌ఫోన్‌లో చెబుతుంది.

పనిచేస్తోంది, కానీ ఏం లాభం? ఇంటికి పోదామా అంటే కాదంటుంది. నా మీద కోపమా అంటే అవునంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత కోపం దాచుకుందని నాకు తెలియదు.

జవాబు కాస్త ఆలస్యంగా వస్తోంది. కోడ్ కింద పెట్టాను. చూసి చెప్పు.

నీ అన్న
తేగిల్

*

గున్సాన్, మార్చి

ప్రియమైన అన్నకు,

వదిన సంగతి చదివి మనసు పాడైంది. ఆవిడకు కోపమా? ఆఫీసులో మీ కింద పనిచేసిన రోజుల్లో మీరు నన్ను తిట్టిన ప్రతిసారీ ఇంటికి పిలిచి వేడి సూప్ పోసిన మనిషి ఆవిడ.

ఇక కోడ్. అన్నా, మీరు మారరు. మెషీన్లలో చోటు లేని రోజుల్లో పేర్లు ఒక్క అక్షరానికి కుదించేవాళ్ళం. ఇప్పుడెందుకా పిసినారితనం? ఎల్, ఆర్, కె. మధ్యలో ఖాళీ లేదు, పక్కన వివరణ లేదు. ఇంకొకరిని చదవమని అడిగేటప్పుడు చదివేవాడి మీద కాస్త జాలి ఉండాలి. ఎల్ అంటే ఎడమే అనుకుంటాను. ఎవరి ఎడమ? పూర్తి పేర్లు పెట్టి, విడివిడిగా రాసి పంపండి. ఆలస్యం ఎక్కడో అప్పుడు వెతుకుతాను.

వదినకు నా నమస్కారం చెప్పండి.

ఇన్బే

*

తేగు, ఏప్రిల్

ఇన్బే,

ఈసారి ‘ప్రియమైన’ అని రాయబుద్ధి కాలేదు. నేను మనిషి గురించి రాస్తే నువ్వు ఖాళీల గురించి రాశావు. నా కోడ్ నాకు అర్థమవుతుంది, అది చాలు. ఇక ఎక్కువ రోజులు లేవంటున్నాడు డాక్టరు. పేర్లు దిద్దుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు.

తేగిల్

*

తేగు, జూన్

ప్రియమైన తమ్ముడూ,

మీ వదిన అంత్యక్రియలు జరిగిన మూడు రోజులూ నా పక్కనే ఉన్నావు. కోడ్ ఊసెత్తలేదు. నీది పెద్ద మనసు.

ఆసుపత్రిలో పక్క గది ఆయనదీ ఇదే జబ్బు. ఆయన కూతురు ప్రోగ్రామ్ అడిగింది. ఇంకొకరు చదివేది కదా అని నువ్వు చెప్పినట్టే తిరగరాయడం మొదలుపెట్టాను. ఎల్ తీసేసి ‘ఆమె ఎడమ’ అని రాశాను. రాసి ఆగిపోయాను. అది ఆమె ఎడమ కాదు, తెర ఎడమ. కెమెరా ఎదురుగా ఉంది కాబట్టి ఆమె ఎడమ తెర మీద కుడి అవుతుంది. ఆమె అవునన్నదల్లా కాదనీ, కాదన్నదల్లా అవుననీ పలికింది నా ప్రోగ్రామ్.

ఆమెకు కోపం లేదు. ఇంటికి తీసుకెళ్ళమని అడిగింది. జవాబు విన్న ప్రతిసారీ నేను మొహం మాడ్చుకున్నాను. ఆ మొహాన్నే చూస్తూ పడుకుంది. ఆ తలపు నన్ను తినేస్తోంది.

చివరి రోజు సంగతి నీకు చెప్పలేదు. మధ్యాహ్నం ఊపిరి బరువెక్కింది. పక్కన కూర్చోనా అని అడిగాను. కాదని వినిపించింది. ఇంకా కోపం తగ్గలేదనుకుని బయటికి వెళ్ళి వరండాలో కూర్చున్నాను. నర్సు వచ్చి పిలిచేసరికి అంతా అయిపోయింది.

కొత్త కోడ్ పంపుతున్నాను. ఆ అమ్మాయికి ఇచ్చే ముందు నువ్వొకసారి చదువు. ప్రతి పేరూ పూర్తిగా రాశాను.

తమ్ముడూ, ఆమె కూర్చోమంది.

తేగిల్