ప్రోకోపిస్ ఇంట పండగ లేదు

ఏథెన్స్,
3 ఫిబ్రవరి 1986

ప్రియమైన పొలిక్సేని పెద్దమ్మకు,

నీ చేతులు ముద్దాడి మిల్తోస్ రాస్తున్నది.

నేను బాగున్నాను. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన కొండ టీ ఆకు కాచుకుని తాగాను. అమ్మని అడుగు కావాలంటే.

మా ప్రెస్సువాళ్ళు దీవుల మీద చిన్న పుస్తకాలు వేస్తున్నారు. ఒక్కో దీవికి ఒక్కో పుస్తకం, విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి సలహాలు. మన ఆలిథ్రా పేరు చెబితే మా యజమాని, "అక్కడ చూడ్డానికేముందయ్యా?" అన్నాడు. "మా పెద్దమ్మ ఉంది" అన్నాను. నవ్వి సరేనన్నాడు. ఇక నువ్వు నా పరువు కాపాడాలి. వచ్చేవాళ్ళు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నీకు తోచినట్టు రాసి పంపు.

ప్రోకోపిస్ మామయ్యని అడిగానని చెప్పు.

నీ
మిల్తోస్

తా.క. సలహాలు మాత్రమే చాలు పెద్దమ్మా. నా పెళ్ళి గురించి అందులో రాయకు. పోయిన ఉత్తరం ఆఫీసులో అందరూ చదివారు.


ఆలిథ్రా,
20 ఫిబ్రవరి

చిరంజీవి మిల్తోస్‌కి పెద్దమ్మ దీవెనలు, ముద్దులు.

ఇక్కడ మేం బాగున్నాం, నువ్వూ అలాగే ఉండాలి. గాలి వల్ల పడవ ఆగిపోయి, నీ ఉత్తరం పక్క దీవిలో కొన్నాళ్ళు కాపురం చేసి వచ్చింది. అడిగావు కాబట్టి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకో.

పడవ పొద్దున్నే వస్తుందని రేవులో బోర్డు మీద ఉంటుంది. ఆ బోర్డు రాసినాయన పోయి చాలా కాలమైంది. పడవ కంటికి కనిపించాకే సామాను సర్దుకోవాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి తలుపూ కొట్టకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, ముందు నీళ్ళు పోసి, మేం లేచాక చెప్పాలి. మెట్ల దారిలో గాడిదకి తప్పుకోవాలి. గాడిద వెనకాల మనిషికి కూడా తప్పుకోవచ్చు, వాళ్ళ ఇష్టం.

పసిపిల్లలు ముద్దుగా ఉన్నారంటే వెంటనే "ఫ్తూ, ఫ్తూ" అనాలి, దిష్టి తగలకుండా. అనాలంతే. పోయినేడు ఒక డచ్చివాడు నిజంగానే ఊశాడు.

మేం "నే" అంటే అవునని. గడ్డం పైకెత్తి "చ్" అంటే కాదని. ఇది పెద్ద అక్షరాల్లో వెయ్యి నాయనా, దీనివల్ల ఇక్కడ ఎన్ని గొడవలయ్యాయో నీకు తెలుసు.

ఇక పేరు పండగలు. ఏ పునీతుడి రోజున ఆ పునీతుడి పేరు పెట్టుకున్నవాళ్ళ ఇంటికి పిలుపు లేకుండా వెళ్ళొచ్చు. తలుపు తీసే ఉంటుంది. చెంచాతో పాకం మిఠాయి, గ్లాసు మంచినీళ్ళు ఇస్తారు. తిని, "నూరేళ్ళు బతుకు" అని చెప్పి రావాలి.

కానీ జులై ఎనిమిదిన మా ప్రోకోపిస్ ఇంటికి మాత్రం వెళ్ళొద్దని రాయి. ఊళ్ళో ఆకుపచ్చ తలుపు వాడిదొక్కటే, కనుక్కోవడం సులువు. పెళ్ళాం అంథూలా పోయినప్పుడు "మా ఇంట పండగ లేదు" అన్నాడు. ఇంటాయన ఆ మాట అన్నాక మళ్ళీ తనే ఉందనేదాకా ఊళ్ళోవాళ్ళు ఎవరూ ఆ రోజున గడప తొక్కరు. వాడు అనడు. మన వంశంలో మొండితనం ఎవరికీ కొదవ లేదు. నీ దగ్గర దాపరికం దేనికి, నాకు భయంగా ఉంది మిల్తోస్. కిటికీలు తెరవడు, నాలుగు మాటలు మాట్లాడడు, నేను పంపిన పళ్ళెం పంపినట్టే తిరిగొస్తోంది. ఇలాగే ఉంటే నా తమ్ముడు వచ్చే చలికాలం దాటడు.

ఇట్లు,
నీ పెద్దమ్మ పొలిక్సేని

తా.క. ఆ డచ్చివాడు ఊసింది మేయరు మనవడి మీద.


ఏథెన్స్,
12 మే

ప్రియమైన పెద్దమ్మకు,

నీ చేతులు రెండూ ముద్దాడుతున్నాను. పుస్తకం వచ్చేసింది! దీంతో ఒక ప్రతి పంపుతున్నాను, ఫాదర్ లెఫ్తేరిస్‌కి కూడా ఒకటి. పడవ టికెట్లు అమ్మేచోట పెట్టగానే విదేశీయులు ఎగబడి తీసుకుంటున్నారట. నీ సలహాలు చదివి మా యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను, నా ఉద్యోగం ఇక ఖాయమైనట్టే.

పేజీలు చాలక అక్కడక్కడా కాస్త కత్తిరించారంతే.

నీ
మిల్తోస్

తా.క. ఆఖరి పేజీ నేను చూసేలోపే అచ్చుకి వెళ్ళిపోయింది. బాగానే ఉండి ఉంటుంది.


ఆలిథ్రా,
4 జూన్

మిల్తోస్‌కి,

ఆ ఆఖరి పేజీ బాగానే ఉండి ఉంటుందా? నీ చెవి చేతికి అందే దూరంలో లేదు కాబట్టి బతికిపోయావు.

మీ పుస్తకంలో ఏముందో చదువు: "ఇక్కడ పిలుపు లేకుండా ఇంట్లోకి వెళ్ళొచ్చు. మిఠాయి, మంచినీళ్ళు ఇస్తారు. ప్రోకోపిస్ ఇల్లు, ఆకుపచ్చ తలుపు." పండగ ఏది? తేదీ ఏది? "వెళ్ళొద్దు" అన్న మాట ఏది? మీ కత్తెర మింగేసిందా?

మొన్న పడవ దిగిన జర్మన్ మొగుడూ పెళ్ళాలు తిన్నగా వాడింటికే వెళ్ళారు. లోపలికి రావచ్చా అని సైగ చేశారట. వీడు గడ్డం పైకెత్తి "చ్" అన్నాడు. గడ్డం సంగతి కూడా మీరు కత్తిరించారు కదా! వాళ్ళు ఆ గడ్డం చూపించిన వైపు చూసి, దండం పెట్టి, మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయారు. వాళ్ళు అక్కడ కూర్చుని సూర్యాస్తమయం చూడటం రేవులోవాళ్ళు చూశారు. మర్నాడు ఇంకొందరు.

నీ మామయ్య గోడ మీంచి కేకలు.

"అక్కా! నా డాబా మీద జర్మన్లున్నారే!"

"ఏం చేస్తున్నార్రా?"

"ఫొటోలు తీసుకుంటున్నారు! దిగమంటే నాకూ తీశారు!"

"ఉండనీ, ఆకలేస్తే వాళ్ళే దిగుతార్లే."

"నువ్వే రాయించావటగా ఇదంతా? నువ్వు నా అక్కవని ఎవరు చెప్పారే!"

దీనికి మందు చూడు. వెంటనే చూడు.

పెద్దమ్మ

తా.క. ఇంత గొంతుతో వాడు నన్ను తిట్టి చాలా కాలమైంది. తిట్టనీ పాపం అని వింటూ నిలబడ్డాను.


ఏథెన్స్,
11 జూన్

నా ప్రియమైన, నన్ను క్షమించబోయే పెద్దమ్మకు,

నీ కాళ్ళు కూడా ముద్దాడుతున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మామయ్య ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

దీంతో ఒక బోర్డు పంపుతున్నాను. ఆయన మాటే, "ఈ ఇంట పండగ లేదు" అని, జర్మన్లో రాయించాను. తలుపు మీద కొట్టించు. ఇక ఒక్కడు లోపల అడుగు పెడితే నన్ను అడుగు.

నీ
మిల్తోస్

తా.క. జర్మన్ మా ప్రూఫ్ రీడర్ రాశాడు. అతనికి జర్మన్ రాదు గానీ మంచి డిక్షనరీ ఉంది.


ఆలిథ్రా,
22 జూన్

చిరంజీవి మిల్తోస్‌కి,

అడుగు పెడితే నిన్ను అడగమన్నావు, అడుగుతున్నాను. తలుపు మీద బోర్డు ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? హోటలనుకుంటారు. అరుగు మీద వరసగా కూర్చుని మెనూ కోసం ఎదురుచూస్తున్నారు.

పైగా బడి పంతులు ఒక జర్మన్ని అడిగాడు, ఇందులో ఏం రాసుందయ్యా అని. "ఈ ఇంటికి సెలవు లేదు, అన్ని రోజులూ తెరిచే ఉంటుంది" అని చదివాడట. మీ ప్రూఫ్ రీడరు డిక్షనరీని సముద్రంలో పారెయ్యమను.

కోపంతో మొదలుపెట్టాను గానీ, అసలు సంగతి వేరే ఉంది. కూర్చుని చదువు.

గురువారం మిట్టమధ్యాహ్నం ఒక పిల్ల, ఎండకి మొహమంతా కందిపోయి, ఆ అరుగు మీద కళ్ళు తిరిగి ఒరిగిపోయింది. నీ మామయ్య చూశాడు. లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చాడు. ఒట్టి నీళ్ళు మనం ఎవరికీ ఇవ్వం కదా, చెయ్యి ఊరుకోదు. అల్మారాలోంచి నారింజ తొక్క మిఠాయి సీసా తీశాడు. అంథూలా తన చేత్తో మూత బిగించిన సీసా అది. ఇన్నాళ్ళూ నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ పిల్ల ఒక చెంచా తింది. కళ్ళు మూసుకుంది. చెంచా మళ్ళీ చాపింది. వీడు లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, ఇంకో చెంచా పెట్టాడు.

గోడ మీంచి చూస్తూ నేను ఏడ్చాను. ఆ పిల్ల ఏ తల్లి కన్నదో, చల్లగా ఉండాలి.

ఆ సాయంత్రం నా వంటింట్లోకి వచ్చాడు, తనంతట తానే. "అక్కా, నారింజ తొక్క చేదు పోవాలంటే ఎలా ఉడకబెట్టాలే?" అన్నాడు. "ఎందుకురా?" అన్నాను. "ఊరికే. సీసా ఖాళీ అవుతోంది" అన్నాడు.

కాబట్టి నువ్వు ఇంకేం మందు చూడకు. ఏమీ చెయ్యకు. దణ్ణం పెడతాను.

నీ పెద్దమ్మ

తా.క. పాకం మాడింది. గిన్నె కూడా మాడింది. గిన్నె నాది.


ఏథెన్స్,
23 జూన్

ప్రియమైన పెద్దమ్మకు,

నీ జవాబు ఇంకా అందలేదు. నువ్వు మాట్లాడటం లేదంటే ఎంత కోపంగా ఉన్నావో అర్థమవుతోంది.

అయినా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యజమానిని బతిమాలి ప్రతి పుస్తకంలో ఒక చీటీ అతికించాను: "జులై ఎనిమిది ప్రోకోపిస్ ఇంట దుఃఖదినం. దయచేసి ఆ వీధిలోకి కూడా వెళ్ళవద్దు." టికెట్ల దగ్గర, పడవలో, అన్నిచోట్లా చెప్పించాను. ఈసారి మామయ్య పేరు పండగ రోజున ఆ ఇంటి మీద పిట్ట కూడా వాలదు. మాటిస్తున్నాను.

నీ
మిల్తోస్

తా.క. ఈసారి జర్మన్ ఒక జర్మన్ చేతే రాయించాను.


ఆలిథ్రా,
10 జులై

నా బంగారు మిల్తోస్‌కి పెద్దమ్మ ముద్దులు, దీవెనలు, మొట్టికాయలు.

మాట నిలబెట్టుకున్నావు. పిట్ట కూడా వాలలేదు.

పండగనాడు పొద్దున్నే నీ మామయ్య గడపకి సున్నం వేశాడు. ఎందుకురా అంటే "పెచ్చులూడింది" అన్నాడు. కాఫీ కొట్టు నుంచి కుర్చీలు తెచ్చాడు. "కాళ్ళు ఊగుతున్నాయి, బాగుచేద్దామని." పెళ్ళినాటి కోటు తొడుక్కున్నాడు. "చిమ్మటలు పట్టకుండా గాలికి." పళ్ళెంలో చెంచాలు వరసగా పేర్చి ఉన్నాయి, వాటికి ఏ సాకూ దొరకలేదు పాపం.

పడవ వచ్చింది. నీ చీటీ చదివిన విదేశీయులు ఎంత మర్యాదస్తులంటే ఆ వీధి మొహం చూడలేదు. ఒకాయన మూల దగ్గర ఆగి, టోపీ తీసి, తల వంచి వెనక్కి వెళ్ళిపోయాడు. నీ మామయ్య కుర్చీల మధ్య ఒక్కడే కూర్చున్నాడు.

"ఒక్క మాట అనరా, పండగ ఉందని. ఊరంతా వస్తుంది" అన్నాను.

"లేదన్నాను. లేదు" అన్నాడు. అన్నాడే గానీ, కళ్ళు వీధి వైపే.

నేను కాఫీ కొట్టుకి వెళ్ళాను. ఊళ్ళోవాళ్ళంతా అక్కడే ఉన్నారు, అందరి కళ్ళూ ఆకుపచ్చ తలుపు మీదే. వెళ్ళాలని అందరికీ ఉంది, ఆచారం దాటే ధైర్యం ఒక్కరికీ లేదు. అక్కడే కూలబడి నిన్ను, మీ ప్రెస్సుని, ఆ డిక్షనరీని కలిపి తిట్టాను. ఫాదర్ లెఫ్తేరిస్ నేను తిట్టడం అయ్యేదాకా ఆగి, జేబులోంచి పుస్తకం తీశాడు.

"పండగ లేదన్నది ఊళ్ళోవాళ్ళకి. విదేశీయుల్ని ఇందులో రమ్మన్నారు కదా?"

"వాళ్ళనీ రావద్దని చీటీ వేశారండీ" అన్నాను.

"మీ చెల్లెలి కొడుకు నాకు ఇది ముందే పంపాడమ్మా. దీంట్లో చీటీ లేదు" అని, పక్కనున్న స్వీడన్ కుర్రాడి గడ్డి టోపీ అడిగి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఏం చెప్పను! మంత్రసాని నల్లకళ్ళద్దాలు పెట్టింది. బడి పంతులు కెమెరా మెళ్ళో వేసుకున్నాడు. మేయరు నిక్కరు తొడుక్కున్నాడు. ఆ కాళ్ళు మళ్ళీ కంటబడకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంటున్నాను. అందరం వరసగా ఆకుపచ్చ తలుపు ముందు నిలబడ్డాం.

నీ మామయ్య అందర్నీ అలా చూశాడు. తలుపు మొహాన వేస్తాడనే అనుకున్నాను.

"ఎక్కడి నుంచి?" అన్నాడు.

"స్వీడన్" అన్నాడు ఫాదర్ లెఫ్తేరిస్, బొడ్డుదాకా ఉన్న గడ్డం నిమురుకుంటూ.

"అక్కడ చలి ఎక్కువటగా?"

"దేవుడి దయ వల్ల."

"లోపలికి రండి. పాపం చాలా దూరం నుంచి వచ్చారు."

కూర్చున్నాం. ఒక్కొక్కరికీ తనే చెంచా అందించాడు. మిఠాయి గట్టిపడి రాయిలా ఉంది, ఒక్కరూ కిక్కురుమనలేదు. విదేశీయులం కదా, "నూరేళ్ళు బతుకు" అని చెప్పడానికి లేదు, ఆ మాట గొంతులో పెట్టుకుని అందరం నీళ్ళు మింగుతున్నాం. ఆఖరికి చెంచా పక్కింటి జఫీరిస్ చేతికొచ్చింది. వాడూ మామయ్యా ఒకే పడవలో పెరిగినవాళ్ళు. చెంచా పుచ్చుకుని, తను విదేశీయుడినన్న సంగతి మరిచిపోయాడు.

"నూరేళ్ళు బతకరా ప్రోకోపీ!" అనేశాడు.

అందరి చెంచాలూ ఆగిపోయాయి. నీ మామయ్య వాడి వైపు తిరిగాడు.

"మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నారండీ. ఎక్కడ నేర్చుకున్నారు?"

జఫీరిస్ టోపీ తీసేశాడు.

"మీ పక్కింట్లోనండీ. పుట్టినప్పటి నుంచీ" అన్నాడు.

అంతే, నీ మామయ్య వాడి మెడ పట్టుకుని ఏడ్చాడు. ఇద్దరూ ఏడ్చారు. మంత్రసాని నల్లకళ్ళద్దాలు అప్పుడు పనికొచ్చాయి. నీ మామయ్య ఏడ్చి, మొహం కడుక్కుని, అందరితోపాటు కూర్చుని రొట్టె తిన్నాడు మిల్తోస్. రెండోసారి అడిగి తిన్నాడు.

నీ కత్తెరకి, నీ తప్పులకి, జర్మన్ రాని ఆ మహానుభావుడికి, వాడి డాబా ఎక్కిన దేశాలన్నిటికీ నా దండాలు. నా తమ్ముణ్ణి నాకు తెచ్చిచ్చారు. చలికాలానికి నేను భయపడటం లేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ పొలిక్సేని

తా.క. వచ్చే ఏడు పుస్తకంలో ఇలా వెయ్యి, ఒక్క అక్షరం కత్తిరించకు: "జులై ఎనిమిదిన ప్రోకోపిస్ ఇంటికి తప్పకుండా రండి. కుర్చీ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఊళ్ళో విదేశీయులు ఎక్కువైపోయారు."